శ్రుతి సర్దుబాటు: పెడల్ స్టీల్‌కు మీ పట్టిక మీరే వేసుకోండి

పెడల్ స్టీల్ గిటార్ కొన్న కొత్తలో ఎవరినైనా పట్టుకునే ప్రశ్న ఒకటుంది: ఎవరి ట్యూనింగ్ పట్టిక వాడాలి? సలహాలకు కొదవుండదు. ఒకరు ట్యూనర్ ముల్లు సరిగ్గా నడిమధ్య నిలిచేదాకా తిప్పి వదిలేయమంటారు. ఇంకొకరు ఆ ముల్లును పక్కన పెట్టి, రెండు తీగలు ఒకే నాదమయ్యేదాకా చెవితో కలుపుకోమంటారు. మరొకరు పేరున్న విద్వాంసుడి అంకెల పట్టిక చేతిలో పెడతారు. విచిత్రమేమిటంటే ముగ్గురూ బాగానే వాయిస్తారు. వాళ్ళ మాట విన్న కొత్తవాళ్ళే నెలకో పట్టిక మారుస్తూ, వాయిద్యంలోనే ఏదో లోపముందని దిగులుపడుతుంటారు.

పట్టికలు ఇప్పటికే బోలెడున్నాయి కాబట్టి ఇక్కడ ఇంకొకటి ఇచ్చి ఊరుకోను. ఒక్క అంకె ఎంచుకుని, దాన్నుంచి పది తీగలకూ, పెడళ్ళకూ, మోకాలి లీవర్లకూ పట్టిక మొత్తం కట్టుకునే పద్ధతి చెబుతాను. ఆ అంకె ఎంత ఉండాలో మీరే తేల్చుకోవాలి. పెడల్ స్టీల్ ట్యూనింగులో తప్పు పూర్తిగా పోయే దారి లేదు. మీ చెవికి తక్కువ తగిలే చోటికి దాన్ని జరపగలం, అంతవరకే.

బార్ చేయగలిగిందీ చేయలేనిదీ

గోటువాద్యం దగ్గరగా చూసినవారికి ఈ వాయిద్యం సగం తెలిసినట్టే. మెట్లు లేవు, తీగల మీద ఒక కడ్డీ జారుతుంది, స్వరం ఎక్కడ నిలవాలో చెవి చెబుతుంది. తేడా ఎక్కడంటే, గోటువాద్యం మీద ఒకసారి ఒక స్వరమే నడుస్తుంది. స్వరం పిసరంత తగ్గిందనిపిస్తే కడ్డీని పిసరంత ముందుకు నెడతారు, సరిపోతుంది. పెడల్ స్టీల్ మీద మూడు నాలుగు తీగలు కలిపి మీటుతాం. బార్‌ను ముందుకు నెడితే అన్ని తీగలూ కలిసి హెచ్చుతాయి, వెనక్కి లాగితే కలిసి తగ్గుతాయి. ఆ తీగల మధ్య దూరం ఎంతుందో అంతే ఉంటుంది. మూడింట్లో ఒకటి తప్పుగా ఉంటే బార్ ఎంత అటూ ఇటూ జరిపినా ఆ ఒక్కటీ తప్పుగానే ఉంటుంది.

కాబట్టి బ్యాండుతో శ్రుతి కలవడం బార్ పని, మీ చేతి పని. తీగకూ తీగకూ మధ్య పొత్తు కుదరడం ట్యూనింగ్ పని. ఈ రెండింటినీ కలగలిపి ఆలోచించడం వల్లే పట్టికల మీద వాదాలు ఇన్నేళ్ళుగా తెగకుండా నడుస్తున్నాయని నా నమ్మకం.

పెడళ్ళు లేనప్పుడు ఈ బాధ ఇంత లేదు. 1954లో వచ్చిన వెబ్ పియర్స్ పాట ‘స్లోలీ’లో బడ్ ఐజాక్స్ ఒక స్వరం నిలిచి ఉండగానే పక్క తీగను పెడల్‌తో పైకి జార్చి వినిపించారు. ఆ నాదం విన్నాక నాష్‌విల్ స్టీల్ వాద్యకారులు తమ వాయిద్యాలకు పెడళ్ళు బిగించుకోవడం మొదలుపెట్టారు. 1962లో బడ్డీ ఎమ్మన్స్ ఇ-నైన్త్ ట్యూనింగుకు పైన రెండు తీగలు చేర్చాక ఇవాళ్టి అమరిక దాదాపు కుదురుకుంది. మీద నుంచి కిందికి పది తీగలు: ఎఫ్ షార్ప్, డీ షార్ప్, జీ షార్ప్, ఇ, బీ, జీ షార్ప్, ఎఫ్ షార్ప్, ఇ, డీ, బీ. పెడళ్ళను వాయించేవాళ్ళు ఏ, బీ, సీ అంటారు. స్వరాల పేర్లతో కలగాపులగం కాకుండా నేను మొదటి, రెండో, మూడో పెడల్ అంటాను. మొదటిది బీ తీగలను సీ షార్ప్‌కు ఎత్తుతుంది. రెండోది జీ షార్ప్ తీగలను ఏకు ఎత్తుతుంది. మూడోది నాలుగో తీగ ఇను ఎఫ్ షార్ప్‌కూ, అయిదో తీగ బీని సీ షార్ప్‌కూ ఎత్తుతుంది. ఒక మోకాలి లీవర్ ఇ తీగలను ఎఫ్‌కు పెంచుతుంది, ఇంకొకటి డీ షార్ప్‌కు దించుతుంది. మీది డే అమరిక అయితే పెడళ్ళ వరస తలకిందులుగా ఉంటుంది, లెక్క మాత్రం ఇదే.

చెవితో ఒక పరీక్ష

పియానోలో, కీబోర్డులో, మామూలు ట్యూనర్‌లో స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేస్తారు. ఒక్కో భాగం 100 సెంట్లు. ఇదే ఈక్వల్ టెంపర్‌మెంట్. ఇందులో మేజర్ థర్డ్ 400 సెంట్లు. తీగలు సహజంగా ఒదిగిపోయే మేజర్ థర్డ్ 5:4 నిష్పత్తిలో ఉంటుంది, దాని విలువ 386 సెంట్లు. అంటే ట్యూనర్ చూపించే జీ షార్ప్ దాదాపు 14 సెంట్లు ఎక్కువ. ఫిఫ్త్‌తో పేచీ లేదు. సహజమైనది 702, ట్యూనర్‌ది 700.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవారికి ఆ 386 కొత్తేమీ కాదు. తంబురా మంద్ర షడ్జమం తీగ మీటితే ఎవరూ మీటని గాంధారం ఒకటి వినిపిస్తుంది కదా, అదే ఇది. కీబోర్డుతో పెరిగిన చెవికి మాత్రం 400 ఇంపుగా, 386 కాస్త తగ్గినట్టుగా తోస్తుంది. హార్మోనియం మన గమకాలకూ శ్రుతులకూ సరిపడదని ఆకాశవాణి దాన్ని 1940లో నిషేధించింది, 1971లో గానీ ఆ నిషేధం సడలలేదు. నాష్‌విల్‌లో అలాంటి నిషేధం అవసరం పడలేదు. స్టూడియోలో పియానో ఒక పక్క, స్టీల్ ఒక పక్క, రెండు రకాల థర్డులూ ఒకే పాటలో రికార్డయిపోయాయి.

పుస్తకం కాసేపు పక్కన పెట్టి ఎనిమిదో తీగ ఇనూ, ఆరో తీగ జీ షార్ప్‌నూ ట్యూనర్ ముల్లు ప్రకారం సున్నాకు తెచ్చి కలిపి మీటండి. నాదం లోపల ఒక చిన్న కొట్టుకోవడం వినిపిస్తుంది. ఇంటర్ భౌతికశాస్త్రంలో విస్పందనాలని చదివినవే ఇవి. ఈ రెండు తీగల మధ్య సెకనుకు ఆరున్నర వస్తాయి. జీ షార్ప్‌ను 8 సెంట్లు తగ్గిస్తే సెకనుకు మూడు కన్నా తక్కువ. 14 తగ్గిస్తే దాదాపు ఆగిపోతాయి. ఇదే జంట ఒక స్థాయి పైన, నాలుగో మూడో తీగల మీద మీటితే కొట్టుకోవడం రెట్టింపు వేగంతో, సెకనుకు పదమూడు దాకా ఉంటుంది. మీ చెవి ఎక్కడ ‘ఇక చాలు’ అంటుందో గమనించి అక్కడి అంకె రాసుకోండి. చాలామందికి అది 6 నుంచి 12 మధ్య ఎక్కడో తేలుతుంది.

మీరు ఎంచుకోవలసిన ఒక్క అంకె అదే.

అన్ని థర్డులనూ 14 తగ్గించి కథ ముగించొచ్చు కదా అని అడగొచ్చు. ఎఫ్ షార్ప్ తీగలు దానికి ఒప్పుకోవు. ఇను సున్నా అనుకుందాం. పెడళ్ళు తొక్కకుండా బీతో కలిసి మోగేటప్పుడు ఎఫ్ షార్ప్ దానికి ఫిఫ్త్, కాబట్టి ట్యూనర్ సున్నాకు 4 సెంట్లు పైన ఉండాలి. మొదటి రెండు పెడళ్ళూ తొక్కి ఏ, సీ షార్ప్‌లతో కలిపి మీటితే అదే తీగ ఎఫ్ షార్ప్ మైనర్‌కు ఆధారం అవుతుంది, అప్పుడు దాదాపు 18 సెంట్లు కింద ఉండాలి. ఒకే తీగకు రెండు చోట్లు, మధ్య దూరం 21.5 సెంట్లు. ఇను షడ్జమం చేసుకుని చూడండి: ఒకటి 9/8 రిషభం, రెండోది 10/9 రిషభం. చతుశ్శ్రుతి, త్రిశ్రుతి రిషభాలని మన శాస్త్రం విడదీసి పెట్టిన రెండూ ఇవే. వాటి మధ్య తేడా 81/80, మన ప్రమాణ శ్రుతి. గాయకుడు రాగాన్నిబట్టి ఏదో ఒకటి పాడుకుంటాడు. బిగించిన తీగకు ఆ వెసులుబాటు లేదు. సహజ శ్రుతి వైపు ఎంత జరిగితే ఈ తీగ మీద గొడవ అంత పెరుగుతుంది. ట్యూనర్ సున్నా వైపు ఎంత జరిగితే థర్డులు అంత కొట్టుకుంటాయి.

అంకె నుంచి పట్టిక

మీరు 8 ఎంచుకున్నారనుకుందాం. నియమాలు రెండే: ప్రతి మేజర్ థర్డ్ 8 తగ్గాలి, ప్రతి ఫిఫ్త్ 1 పెరగాలి. కాగితం తీసుకుని ఇను సున్నా వేయండి. జీ షార్ప్ దాని థర్డ్ కాబట్టి −8. బీ ఫిఫ్త్, +1. రెండో పెడల్‌తో వచ్చే ఏకు ఇ ఫిఫ్త్ అవ్వాలి, కాబట్టి ఏ −1. మొదటి పెడల్‌తో వచ్చే సీ షార్ప్ ఆ ఏకు థర్డ్, −9. ఇదే సీ షార్ప్ జీ షార్ప్‌తో ఫిఫ్త్‌గా సరిపోతుందా? జీ షార్ప్ −8, అంటే 1 పైనే ఉంది. సరిపోయింది. ఎఫ్ లీవర్ సీ షార్ప్‌కు థర్డ్, −17. డీ షార్ప్ బీకి థర్డ్, −7. రెండో తీగకూ, ఇను దించే లీవర్‌కూ ఈ −7 పనికొస్తుంది. అది జీ షార్ప్‌కు ఫిఫ్త్‌గా కూడా కుదురుతుంది కాబట్టి ఇక్కడ తగాదా లేదు. తొమ్మిదో తీగ డీ −2 ఉంచండి. సెవెన్త్ స్వరం ఎలాగూ ఉద్రిక్తంగానే ఉండాలి, దాని మీద నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

మిగిలింది ఎఫ్ షార్ప్. ఈ లెక్కలో ఒక చోట +2, ఇంకో చోట −10 అడుగుతుంది. మూడో పెడల్ తొక్కితే వచ్చే ఎఫ్ షార్ప్ సీ షార్ప్‌తో కలిసే మోగుతుంది కాబట్టి దాన్ని మొహమాటం లేకుండా −10కి పెట్టేయండి. ఒకటో, ఏడో తీగలను −4 దగ్గర మధ్యస్తంగా ఉంచండి. మీ వాయింపులో పెడళ్ళు లేని బీ–ఎఫ్ షార్ప్ జంట ఎక్కువైతే కొంచెం పైకి, పెడళ్ళు తొక్కిన ఏ–ఎఫ్ షార్ప్ ఎక్కువైతే కొంచెం కిందికి జరపండి. కొందరు మొదటి పెడల్‌కు అదనంగా ఒక కడ్డీ వేయించుకుని, పెడల్ తొక్కినప్పుడు ఈ తీగలు నాలుగైదు సెంట్లు దిగేలా చేసుకుంటారు. దాన్ని కాంపెన్సేటర్ అంటారు. బాగా పనిచేస్తుంది. మొదటి సంవత్సరం వాయించేవారికి ఆ ఖర్చు అవసరమని నేననుకోను.

8 నచ్చకపోతే 5తోనో 11తోనో ఇదే లెక్క వేయండి. థర్డుకు 14, ఫిఫ్తుకు 2 వేస్తే పూర్తి సహజ శ్రుతి పట్టిక వస్తుంది. రెండింటికీ సున్నా వేస్తే ఈక్వల్ టెంపర్‌మెంట్. అందరి పట్టికలూ ఈ రెండు కొసల మధ్య ఎక్కడో నిలబడినవే.

ఇక్కడ బార్ గురించి ఒక మాట చెప్పాలి. ఇ మేజర్ మీకు మూడు చోట్ల దొరుకుతుంది: పెడళ్ళు లేకుండా ఖాళీ తీగల మీద, మొదటి పెడల్‌కు ఎఫ్ లీవర్ కలిపి మూడో గీత దగ్గర, మొదటి రెండు పెడళ్ళతో ఏడో గీత దగ్గర. మూడో గీత దగ్గర దొరికేదానికి మూలం సీ షార్ప్. దాన్ని మనం −9 పెట్టాం. కాబట్టి అక్కడ బార్ గీతకు ఎదురుగా కాకుండా కాస్త కుడివైపు, బ్రిడ్జి వైపు నిలవాలి. 24 అంగుళాల తీగ మీద ఆ జరుపు 2.7 మిల్లీమీటర్లు. పూర్తి సహజ శ్రుతిలో 4.6. ఒక స్థాయి పైన, పదిహేనో గీత దగ్గర, ఇందులో సగమే. ఈక్వల్ టెంపర్‌మెంట్ వాడేవాళ్ళు దీన్నే పెద్ద సుఖంగా చెబుతారు: అన్ని చోట్లా బార్ గీత మీదే. కొత్తవారు ‘లీవర్ వేస్తే శ్రుతి తగ్గుతోంది’ అని లీవర్‌ను పైకి ట్యూన్ చేసేసి కార్డును పాడుచేస్తారు. లీవర్‌ను ముట్టుకోవద్దు, చేతిని జరపండి.

ఎవరితో వాయిస్తారు, ఏం వాయిస్తారు

అంకె ఎంచుకోవడంలో చెవి పరీక్ష ఒక వంతు, మిగతాది సహవాసం. చర్చిలోనో బ్యాండులోనో పక్కన ఎప్పుడూ కీబోర్డు, మెట్లున్న గిటార్లు ఉంటే చిన్న అంకె మేలు. కీబోర్డు జీ షార్ప్ సున్నా దగ్గరా, మీది −14 దగ్గరా మోగితే వినేవాళ్ళు కీబోర్డును ఏమీ అనరు. స్టీలే శ్రుతి తప్పిందంటారు. ఇంట్లో ఒంటరిగా, లేదా ఒక గాయకుడికి బేస్, డ్రమ్స్‌తో తోడుగా నిదానమైన పాటలు వాయిస్తే పెద్ద అంకె అందంగా ఉంటుంది. నిలిపిన కార్డులో థర్డ్ ఒదిగిపోతే వాల్యూమ్ పెడల్‌తో దాన్ని ఎంతసేపైనా సాగదీయవచ్చు. వేగంగా ఒక్కో స్వరం పరుగెత్తించే వాయింపులో ఈ తేడా ఎవరికీ పట్టుబడదు. డిస్టార్షన్ వేసి వాయించేవారికి మాత్రం కొట్టుకునే థర్డ్ మరీ గరగరలాడుతుంది, వాళ్ళు పెద్ద అంకె వైపే వెళ్ళాలి.

పెద్దవాళ్ళు ఏం చేశారో చూసి ఎంచుకుందామంటే అక్కడ ఏకాభిప్రాయం దొరకదు. స్టీల్ పాఠాలతో తరాలను తయారుచేసిన జెఫ్ న్యూమన్ సర్దుబాటు పట్టిక ఇచ్చారు, లెక్కలేనంతమంది దానితోనే మొదలుపెట్టారు. ఈ వాయిద్యంలో అందరూ గురువుగా చూసే బడ్డీ ఎమ్మన్స్ తర్వాతి సంవత్సరాల్లో ఈక్వల్ టెంపర్‌మెంట్ వైపు మొగ్గారు. ఇద్దరి రికార్డింగులూ వినండి. ఏదీ తప్పుగా వినిపించదు. చేతిలో ఆ స్థాయి నియంత్రణ ఉన్నప్పుడు పట్టిక రెండో సంగతి అవుతుంది.

నన్నడిగితే, గురువు దగ్గర్లో లేకుండా ఒంటరిగా నేర్చుకునేవారు 8 దగ్గర మొదలుపెట్టాలి. సున్నాతో మొదలుపెడితే థర్డ్ సహజంగా ఎలా ఒదుగుతుందో చెవికి తెలియకుండానే పోతుంది. 14తో మొదలుపెడితే ఎఫ్ షార్ప్ తీగలతోనూ, బార్ జరుపుతోనూ విసిగిపోతారు.

పాత పట్టికలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. వాటిలో అంకెలు సెంట్లలో ఉండవు, 438, 436 అంటూ హెర్ట్జ్‌లలో ఉంటాయి. ఆ తీగ 436 హెర్ట్జ్ మోగాలని దాని అర్థం కాదు. ట్యూనర్ ఆధారాన్ని 440 బదులు 436కు మార్చి, ముల్లును నడిమికి తెమ్మని. ఒక హెర్ట్జ్ అంటే సుమారు 4 సెంట్లు, ఆ లెక్కన మార్చుకోండి. కొందరు ఇనే 442 దగ్గరకు ఎత్తుతారు, మిగతావన్నీ కింద ఉన్నాయి కాబట్టి మొత్తం సగటు 440 దగ్గర పడుతుందని. బార్ పెట్టి వాయించేటప్పుడు దీనివల్ల చెవికి వచ్చే తేడా కొంచెమే. బార్ గీతకు దగ్గరగా నిలబడుతుంది కాబట్టి కంటికి మాత్రం హాయి. పీటర్సన్ స్ట్రోబ్ ట్యూనర్లలో పెడల్ స్టీల్‌కు పట్టికలు ముందే నింపి ఉంటాయి, కొన్ని మోడళ్ళలో సొంత పట్టిక కూడా వేసుకోవచ్చు. ఉంటే సుఖం, లేకపోతే సెంట్లు చూపించే ఏ ట్యూనరైనా చాలు.

పెట్టె కూడా వంగుతుంది

కాగితం మీద పట్టిక ఎంత బాగున్నా, పెడల్ తొక్కగానే వాయిద్యం ఒళ్ళు కొద్దిగా వంగి, మీరు ముట్టుకోని తీగలు కూడా దిగుతాయి. దీన్ని క్యాబినెట్ డ్రాప్ అంటారు. నాలుగో తీగ ఇ మీటి, అది మోగుతుండగా మొదటి రెండు పెడళ్ళూ తొక్కి ట్యూనర్ చూడండి. రెండు సెంట్లు దిగితే మంచి వాయిద్యం, వదిలేయండి. నాలుగైదు దిగితే ఖాళీ ఇను సున్నా బదులు +2 దగ్గర పెట్టండి. అప్పుడు పెడళ్ళు లేనప్పుడు కొంచెం పైన, తొక్కినప్పుడు కొంచెం కింద ఉండి సర్దుకుంటుంది. అంతకన్నా ఎక్కువ దిగితే పట్టికతో కుస్తీ పట్టకుండా మెకానిక్‌కు చూపించండి.

ట్యూన్ చేసే వరస ముఖ్యం. వాయిద్యాన్ని గది వేడికి కాసేపు అలవాటు పడనిచ్చి, పెడళ్ళన్నీ నాలుగుసార్లు తొక్కి వదిలి, ముందు ఖాళీ తీగలు చేయండి. తర్వాత ఒక్కో పెడల్ పూర్తిగా తొక్కిపట్టి, కుడి కొస పలక దగ్గరున్న నైలాన్ నట్లతో పెరిగిన స్వరాలు సరిచేయండి. చివర లీవర్లు. పెడల్ వదిలాక తీగ పాత చోటికి రాకపోతే అది ట్యూనింగ్ దోషం కాదు, ఎక్కడో కడ్డీ పట్టేస్తోంది. మూడో తీగ అన్నిటికన్నా సన్నం, అన్నిటికన్నా ముందు తెగేదీ అదే. ఒకటి రెండు అదనంగా దగ్గరుంచుకోండి.

రెండు మెడల వాయిద్యం మీదైతే సీ-సిక్స్త్ మెడకు ఇంత తతంగం అక్కర్లేదు. అక్కడ స్వింగ్, జాజ్ కార్డులు ఎక్కువ. నైన్త్, థర్టీన్త్ కార్డుల్లో ఒదగాల్సిన జంటలు ఒకదానితో ఒకటి పడవు కాబట్టి ఈక్వల్ టెంపర్‌మెంట్‌కు దగ్గరగా ఉంచడమే తెలివి. ఇ, ఏ తీగలను అయిదారు సెంట్లు తగ్గించి మిగతావి సున్నా దగ్గర వదిలేయండి.

అంకె ఎంచుకున్నాక పట్టికను అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి, వాయిద్యం పెట్టెలో ట్యూనర్‌తో పాటు పెట్టుకోండి. రెండు నెలలు దాన్ని మార్చకండి. ఈలోగా మీరు తరచు వాయించే నాలుగు పాటలు రికార్డు చేసి, మర్నాడు విని, ఏ కార్డు చెవికి గుచ్చుకుంటోందో రాసుకోండి. ఒకే కార్డు మళ్ళీ మళ్ళీ తగిలితే ఆ ఒక్క స్వరాన్నే రెండు సెంట్లు జరపండి. కార్డులన్నీ తగిలితే, పట్టిక జోలికి వెళ్ళే ముందు మీ బార్ గీత మీద ఎక్కడ నిలబడుతోందో చూసుకోండి.